పేషెంటు తాలూకు

పోయినేడు దాకా మా ఆసుపత్రి కంప్యూటరు లెక్క ప్రకారం గోదావరి డెల్టాలో ఊపిరితిత్తులకి వచ్చే అరుదైన జబ్బు ఒక్కటి కూడా లేదు. పదేళ్లలో ఒక్కళ్లకీ రాలేదు. ఈ ఘనత ఎవరిదయ్యా అంటే నాదే.

నేను ఒక మిషన్ ఆసుపత్రిలో రికార్డు రూము చూసుకుంటాను. ముప్పై ఏళ్లకి దగ్గర పడింది. మేడ మీద, మెట్లెక్కగానే కుడిచేతివైపు గది. కింద ఎవరు దగ్గుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో నాకు కనిపించదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వరండాలో నర్సులు "పేషెంటు తాలూకు ఎవరండీ! పేషెంటు తాలూకు!" అని పెట్టే కేకలు మాత్రం వినిపిస్తాయి. మనుషులు నాదాకా రారు. వాళ్లు ఇళ్లకి వెళ్లిపోయాక వాళ్ల ఫైళ్లు వస్తాయి. వాటిని నేను నంబరు వారీగా కట్టలు కట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి, సొంత బిడ్డల్లాగా చూసుకుంటాను. నా గదిలో చెదపురుగు కనపడితే ఆ రోజు నాకు అన్నం సహించదు.

ఇలా ఉండగా పదేళ్ల కిందట కంప్యూటరు వచ్చింది. ప్రతి ఫైలూ అందులో ఎక్కించాలి. పేరు, ఊరు, ఫోన్ నంబరు, చివర్లో జబ్బు. జబ్బు పేరు మనం రాయకూడదట. ఒక పెద్ద జాబితా కిందికి జారుతుంది, అందులోంచి ఏరుకోవాలి. ఏరకపోతే ఆ పేజీ ఛస్తే ముందుకి కదలదు. సరే, ఏరుదామంటే డాక్టరు ఏం రాశాడో తెలియాలి కదా! మా పెద్ద డాక్టరు గారు జబ్బు పేరులో మొదటి అక్షరం శుభ్రంగా రాస్తారు. ఆ తరవాత ఒక గీత గీసి, దాన్ని కాగితం చివరిదాకా లాక్కెళ్లి వదిలేస్తారు. ఒకసారి ఉండబట్టలేక ఫైలు పట్టుకుని కిందికెళ్లి, "ఇదేంటండీ?" అని అడిగాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. తీసేసి చూశారు. మళ్లీ పెట్టుకుని, "పేషెంటు ఇప్పుడెలా ఉన్నాడమ్మా?" అని నన్నే అడిగారు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. జాబితాలో 'శ్వాస ఇబ్బంది, ఇతరములు' అని ఒకటి పైనే కనిపిస్తుంది. ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని వచ్చినవాళ్లలో రాత అర్థం కాని ప్రతివాళ్లనీ అందులో పడేశాను. నా మనసులో దాని పేరు ఆయాసం. ఏటా తనిఖీకి వచ్చేవాళ్లు "మీ ఎంట్రీలు ఎంత నీట్‌గా ఉన్నాయండీ, ఒక్క ఖాళీ లేదు" అని మెచ్చుకుని వెళ్లేవారు. నేను కాఫీ తెప్పించేదాన్ని.

అలాంటి నా గదిలోకి పోయినేడు వానల ముందు ఒక డాక్టరమ్మాయి వచ్చింది. రామచంద్రపురం పిల్ల. రాజమండ్రిలో పెద్ద చదువు చదువుతోంది. ఊపిరితిత్తులు లోలోపల మచ్చకట్టి, గట్టిపడి, గాలి పట్టకుండా పోయే జబ్బులు కొన్ని ఉన్నాయట. చాలా తక్కువమందికి వస్తాయట. మన డెల్టాలో అవి ఎంతమందికి ఉన్నాయో ఆసుపత్రుల రికార్డుల్లోంచి తేల్చి పుస్తకం రాయాలి. అదీ ఆ పిల్ల పని.

"పోయిన మార్చి వరకూ పదేళ్ల రికార్డులు చూడాలి ఆంటీ. కనీసం పదిమంది దొరకాలి. దసరా సెలవుల్లోపు దొరక్కపోతే టాపిక్ మార్చేసుకోమన్నారు మా ప్రొఫెసర్ గారు" అంది.

"మార్చుకుంటే ఏమవుతుందమ్మా?"

"రెండేళ్లు గంగలో కలిసినట్టే ఆంటీ. మళ్లీ మొదటినుంచి. మా అమ్మ అప్పుడే కోరుకొండ గుడి మెట్లెక్కిస్తానని నా తరఫున మొక్కేసుకుంది కూడా."

పదిమందేగా, ఇంత ఆసుపత్రిలో పదిమంది దొరకరా అని ధీమాగా కుర్చీ చూపించాను. ఆ పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని జాబితాలోంచి ఒక్కో అరుదైన జబ్బు పేరూ ఎంచుకుని వెతకడం మొదలుపెట్టింది. సున్నా. ఇంకోటి. సున్నా. మధ్యాహ్నం దాకా ఆ తెర మీద సున్నాలే. భోజనం డబ్బా మూత తీసి, ఒక ముద్ద తిని, మళ్లీ మూత పెట్టేసింది.

"ఇదేంటి ఆంటీ, ఒక్క కేసూ లేదు! మా సార్ చెప్పిందే నిజమేమో. మన దగ్గర ఇలాంటివి ఉండవమ్మా అన్నారు" అంది.

నేను పైన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. రెండో రోజు కూడా సున్నాలే వచ్చాయి. ఆ రోజు ఆ పిల్ల డబ్బా అసలు తెరవనే లేదు. ఇక నా వల్ల కాలేదు. ఆదివారం చర్చిలో ఒప్పుకోలు ప్రార్థనకి అందరితో కలిసి పెదాలు ఆడించడం వేరు, మనిషి ముందు నోరు తెరిచి ఒప్పుకోవడం వేరు.

"అమ్మాయ్, నువ్వు వెతకాల్సింది వాటిల్లో కాదు" అన్నాను. "ఆయాసంలో వెతుకు."

అంతా చెప్పాను. ఆ పిల్ల నోరు తెరుచుకుని విని, చివరికి 'శ్వాస ఇబ్బంది, ఇతరములు' మీద నొక్కింది. తెర మీద ఒక చక్రం తిరిగింది, తిరిగింది, ఇంకా తిరిగింది. కంప్యూటరు తలపట్టుకున్నట్టే అనిపించింది నాకు. చివరికి వచ్చిన జాబితా ఎంత కిందికి లాగినా తరగలేదు.

"ఇవన్నీనా ఆంటీ?"

"నన్ను తిట్టమ్మా, నీ నోటితో నాలుగు తిట్టు, పడతాను. ఆ తరవాత లే, కట్టలు దింపుదాం."

తిట్టలేదు ఆ పిల్ల. తిడితే బాగుండేది. చున్నీ నడుముకి బిగించి స్టూలెక్కింది.

మూడు నెలలు పట్టింది. గురువారం, శనివారం వచ్చేది. నేను కట్ట విప్పి ఇస్తే, ఆ పిల్ల లోపలి స్కానింగు కాగితం చదివి, కాదంటే ఎడమపక్క, అవునంటే కుడిపక్క పెట్టేది. దుమ్ముకి ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం. ఎడమపక్క కొండలా పెరిగింది. కుడిపక్క ఒక్కొక్కటే చేరి, వినాయక చవితి వెళ్లాక చూసుకుంటే పన్నెండు ఫైళ్లు. పది కావాలి, పన్నెండున్నాయి! నేను కిందినుంచి మైసూరు బజ్జీలు తెప్పించాను.

బజ్జీ తింటూనే ఆ పిల్ల ఒక ఫైలు పట్టుకుని కళ్లు చిట్లించింది. "ఆంటీ, ఇతనికి ముప్పై నాలుగేళ్లు. చేపల వేట. పెళ్లయింది."

"అయితే?"

"గర్భసంచి తీసేశారట."

నా ఫైళ్లలో తప్పుంటుందని నేను ఒప్పుకోను. "ఆ డాక్టరు వేరే కాగితం ఇందులో పెట్టుంటాడు" అని మొండికేశాను గానీ, ఆ తరవాత ఇంకో బజ్జీ ముట్టుకోలేదు.

ఈ రోగులందరూ ఇప్పుడెలా ఉన్నారో కనుక్కోవాలి, అది కూడా పుస్తకంలో రాయాలి అని ఆ పిల్ల నా బల్ల మీది ల్యాండ్‌లైను దగ్గరికి లాక్కుంది. అయిదుగురు మామూలుగానే దొరికారు. ఆరో ఫైలు తీసి, అందులో నంబరు చూసి నొక్కింది. స్పీకరు పెట్టింది.

"ఆయ్, చెప్పండి" అని ఒక ఆడమనిషి గొంతు ఖంగుమంది. వెనకాల కాకులు.

ఫైలు మీది పేరు చదివి, "పేషెంటు తాలూకా అండి? ఆయన ఎలా ఉన్నారు?" అంది ఆ పిల్ల.

"తాలూకేనండి. బాగానే ఉన్నాడండి. వేటకెళ్లాడు."

"ఇంట్లో పావురాలేమైనా ఉన్నాయా అండి?" పావురాల రెట్టల వల్ల కూడా ఈ జబ్బులు వస్తాయట, అందుకని అందరినీ అడుగుతోంది.

"పావురాలేంటండీ బాబూ... ఎవరికి కావాలి... కూరకా?"

మాట మధ్యలో ఆగి ఆగి మాట్లాడుతోంది ఆవిడ. పక్కన ఎవరినో అదిలిస్తూ మాట్లాడుతోందనుకున్నాను. ఏడో ఫైలు తీసి నొక్కింది ఆ పిల్ల.

"ఆయ్, చెప్పండి." అవే కాకులు.

ఈసారి ఒక ఆవిడ పేరు చదివి, "పేషెంటు తాలూకా అండి?" అంది.

"తాలూకేనండి. బాగానే ఉందండి. మనవరాలి దగ్గరికెళ్లింది. పావురాల్లేవండి."

ఎనిమిదోది నొక్కేసరికి ఆవిడ, "మళ్లీ మీరేనా అండీ? మీకు పనీపాటా లేదా అండి?" అంది. అప్పుడు ఏడు ఫైళ్లూ వరసగా పరిచి చూశాం. ఏడింటి మీదా ఒకటే ఫోన్ నంబరు. ఒకటే ఇంటి నంబరు. మొగల్తూరు అవతల, సముద్రం ఒడ్డున ఒక పల్లె.

ఆ పిల్ల లేచి నిలబడింది. మొహం దీపంలా వెలిగిపోయింది. "ఆంటీ! ఒకే ఇంట్లో ఏడుగురు! ప్రపంచంలో ఎక్కడా ఉండదు ఆంటీ ఇలా!" వెంటనే ప్రొఫెసరు గారికి ఫోను చేసింది. అప్పటిదాకా ఆ పిల్ల పేరే సరిగ్గా గుర్తులేని పెద్దమనిషి "నేల పరీక్ష చేయించు, నీళ్లు పరీక్ష చేయించు, ఎవరికీ చెప్పకు" అని గబగబా చెప్పాడు.

శనివారం ఇద్దరం బస్సెక్కాం. ఆసుపత్రి వ్యాను అడిగితే ఇవ్వలేదు లెండి. ఆ పిల్ల సంచీ నిండా సీసాలు, గొట్టాలు, నలభై ప్రశ్నల కాగితం. మొగల్తూరులో దిగి ఆటో ఎక్కాక ఒకదానిమీద ఒకటి రెండు మాస్కులు కట్టుకుని, నాకూ రెండు కట్టింది. ఆ ఉక్కలో నాకు నిజంగానే ఆయాసం వచ్చేసింది.

ఆ ఇల్లు కనుక్కోవడం ఏమీ కష్టం కాలేదు. పల్లెలో ఎవరిని అడిగినా ఫోన్ నంబరు చెప్పకముందే చెయ్యి అటు చూపించారు. ఒక్క గది, ముందొక అరుగు. అరుగు ముందు పట్టా మీద నెత్తళ్ల చేపలు ఎండేసి, కర్రపుల్లతో కాకుల్ని తోలుతూ ఒక మనిషి కూర్చుని ఉంది. యాభై అయిదు, అరవై ఉంటాయి. ఎముకలు కనిపించేలా సన్నగా ఉన్నా, గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. మా మాస్కులు చూసి, "మళ్లీ కరోనా వచ్చిందా అండీ?" అంది.

"ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అని అడిగింది మా పిల్ల, పెన్ను తీసి.

"నేనూ, ఆ కోడీనండి."

"మరి ఆ ఏడుగురూ?"

"ఎవరిళ్లలో వాళ్లున్నారండి. నా ఇంట్లో ఎందుకుంటారండి?"

నేను మాస్కులు ఊడబీకి సంచిలో కుక్కాను. కూర్చోమని మంచం వాల్చి, గ్లాసులతో మంచినీళ్లిచ్చి, ఆవిడ చెప్పుకొచ్చింది. ఆ పల్లెలో మగవాళ్లు వేటకెళితే రోజుల తరబడి రారు. సెల్‌ఫోన్లు సముద్రంలో పడతాయి, లేదా సిమ్ములు మారతాయి. మా ఆసుపత్రిలో కౌంటరు దగ్గర ఫోన్ నంబరు చెప్పకపోతే కార్డు ఇవ్వరు. అందుకని ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఈవిడే బస్సెక్కించి తీసుకొస్తుంది, ఈవిడ నంబరే రాయిస్తుంది, ఈవిడ అడ్రసే చెబుతుంది. ఆసుపత్రి నుంచి కబురొస్తే ఇంటింటికీ వెళ్లి చెప్పి, మందు వేసుకోనివాళ్లని వీధిలో నిలబెట్టి తిడుతుంది. ఈవిడ తిట్టు కంటే మందు నయమని వేసుకుంటారట.

"పదేళ్లుగా మీ వరండాలో మంగళవారం మంగళవారం కేకలేస్తారు చూడండి, పేషెంటు తాలూకు, పేషెంటు తాలూకు అని. అది నేనేనండి" అంది ఆవిడ, ఊళ్లో పెద్ద ఉద్యోగం ఏదో చేస్తున్నట్టు.

పదేళ్లుగా నా కాళ్ల కింది వరండాలో తిరిగిన మనిషి! నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఫైలు నా గదికి రాలేదు కదా మరి.

"సరే, ఆ ముప్పై నాలుగేళ్ల అబ్బాయికి గర్భసంచి ఏంటమ్మా?" అన్నాను, నా పరువు సంగతి తేల్చుకుందామని.

ఆవిడ నాలిక కరుచుకుంది. "అది వాళ్ల అత్తగారండి. ఆ రోజు అల్లుడి కార్డే నా సంచిలో ఉంది. కొత్త కార్డంటే మళ్లీ లైను, ఇంకో గంట. డాక్టరుగారు లేచి వెళ్లిపోతారు. కార్డు ఉందా అన్నారు, ఉందన్నాను. ఎవరిదీ అని అడగలేదండి."

నేను కోపంతో లేచి నిలబడ్డాను. "ఏమ్మా, నీకు బుద్ధుందా? రికార్డంటే ఆటలుగా ఉందా? ఒకళ్ల కాగితం మీద ఇంకొకళ్ల జబ్బు రాయిస్తావా? ఎంత తప్పో తెలుసా?" అని గుక్క తిప్పుకోకుండా వాయించేశాను. వాయిస్తుండగానే ఆ పిల్ల నా వైపు చూసింది. నేను ఆయాసంలో పడేసినవాళ్లంతా గుర్తొచ్చి కూర్చున్నాను.

ఇక మొదలైంది అసలు లెక్క. మేం ఫైళ్లలో ఉన్నది చదవడం, ఆవిడ ఎవరెవరో చెప్పడం. కాగితం లేదు, కలం లేదు. "ఆ తారీఖు కార్తీకమాసమాండి? అయితే అది కార్డు మనిషి కాదు, ఆడి బాబాయి. స్కానింగు గొట్టంలోంచి బయటికి దూకేశాడు, నేనే పట్టుకున్నాను." ఆవిడ కేకేస్తే ఒక్కొక్కళ్లూ ఎండలో వచ్చి నిలబడ్డారు. మా పిల్ల అందరినీ పరీక్ష చేసింది. సాయంత్రానికి ఏడు ఫైళ్లలో మనుషులు నలుగురే తేలారు. ఒకాయనే మూడు కార్డుల మీద వచ్చాడు, ఒకావిడ రెండింటి మీద. మిగతా ఇద్దరూ ఎవరి కార్డు మీద వాళ్లు. అయిదూ నాలుగూ తొమ్మిది.

పదికి ఒకటి తక్కువ. ప్రపంచంలో ఎక్కడా లేని ఇల్లు పోయింది, ఉన్న పన్నెండులో మూడూ పోయాయి. ఆ పిల్ల ఖాళీ సీసాలు సంచిలో సర్దుకుంటుంటే నాకు గుండె తరుక్కుపోయింది. పాపిష్టిదాన్ని, మొదటినుంచీ నా చేతులే సరిగ్గా ఉంటే ఇదంతా ఎందుకొచ్చేది!

ఆటో దాకా దిగబెడతానని ఆవిడ మా వెంట బయలుదేరింది. వంద అడుగులు లేదు. ఒకచోట ఆగి మేకని తిట్టింది. ఇంకోచోట ఆగి ఎవరిదో ఇంటి పైకప్పు బాగాలేదంది. మూడోసారి ఆగినప్పుడు తిట్టడానికి ఎవరూ దొరకలేదు. సముద్రం వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి.

మా పిల్ల కూడా ఆగిపోయింది. నీళ్ల గ్లాసు అందించినప్పుడే ఆవిడ గోళ్లు గుండ్రంగా ఉబ్బి ఉండటం చూసిందట, ఈ జబ్బు గుర్తుల్లో అదొకటని తరవాత చెప్పింది. "పిన్నిగారూ, ఒక్కసారి ఇలా తిరగండి" అని అక్కడే పడవ అంచు మీద కూర్చోబెట్టి, వీపు మీద స్టెతస్కోపు పెట్టింది. చాలాసేపు విన్నది. తరవాత గొట్టాలు నా చెవుల్లో పెట్టింది. స్కూలు పిల్లల బూట్ల పట్టీ ఊడదీస్తే చర్రుమంటుంది చూడండి, ఆ చప్పుడు, ఊపిరి తీసిన ప్రతిసారీ.

"ఎన్నాళ్లనుంచండీ ఈ ఆయాసం?"

"ఆయాసమేంటండి, వయసు. మీ ఆసుపత్రి మెట్లు కూడా ఎత్తు పెంచేశారు కదండీ."

"మీ కార్డు ఏదమ్మా?" అన్నాను నేను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "నాకెందుకండి కార్డు? నేను పేషెంటు తాలూకుని కదా."

పదేళ్లుగా ప్రతి మంగళవారం ఊపిరితిత్తుల డాక్టరు గది ముందు కూర్చున్న మనిషి. ఒక్కసారి కూడా లోపలి కుర్చీలో కూర్చోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎండు నెత్తళ్ల పొట్లం చేతిలో పెడుతుంటే వద్దనలేకపోయాను.

తిరుగు బస్సులో నా బుర్ర వేరే దారిలో పని చేయడం మొదలుపెట్టింది. తొమ్మిది, ఈవిడతో పది. అడిగింది పదే కదా! పాత ఖాళీ కేసుషీట్ల దొంతర ఒకటి నా బీరువాలో ఉంది. పోయిన మార్చికి ముందు తారీఖు వేసి ఒక ఫైలు తయారుచేయడం నాకెంతసేపు? పెద్ద డాక్టరు గారి రాత నేనూ రాయగలను. మొదటి అక్షరం, ఒక గీత. లేని జబ్బు పుట్టించడం లేదు కదా, ఉన్నదే రాస్తున్నాం. చెవిలో మెల్లగా చెప్పాను.

ఆ పిల్ల కిటికీలోంచి బయటికే చూస్తూ, "వద్దాంటీ" అంది.

"ఎందుకమ్మా? నీ రెండేళ్లు!"

"ఆసుపత్రి రికార్డుల్లో వెతికితే ఎవరెవరు దొరకరో ఇప్పుడు నాకు తెలిసింది. ఆవిడకి దొంగ ఫైలు పెడితే ఆ సంగతి ఎలా రాస్తాను? మీరు పదేళ్లు వీళ్లందరినీ ఆయాసంలో దాచారు, చాలదా?"

నాకు చర్రున కోపం వచ్చింది. నీ మంచికి చెబితే నన్నే అంటావా అని మొహం తిప్పుకుని మా స్టాండు దాకా మాట్లాడలేదు. దిగేటప్పుడు నెత్తళ్ల పొట్లంలో సగం దాని సంచిలో వేశాను. కోపం వేరు, నెత్తళ్లు వేరు.

తొమ్మిదితోనే వెళ్లింది ఆ పిల్ల. ప్రొఫెసరు గారు ఎగిరిపడ్డాడట. ఏడుగురున్న ఇల్లేదమ్మా, పదో మనిషేదమ్మా అని కాగితాలు బల్లమీద పడేశాడట. ఇది నిలబడే ఏడుస్తూ, ఆఖరి పేజీలో ఒక పేరా చూడమని అడిగిందట. ఆసుపత్రికి పదేళ్లు వచ్చి కూడా ఏ రిజిస్టరులోనూ లేని ఒక మనిషి గురించి, రోగుల వెంట వచ్చేవాళ్లని ఎవరూ లెక్కపెట్టకపోవడం గురించి రాసింది అందులో. ఆయన నిలబడే చదివి, కూర్చుని మళ్లీ చదివి, "ఇది ఆఖర్న పెడతారా ఎవరైనా? ముందుకి తీసుకురా" అని, టాపిక్ అదే ఉంచమని సంతకం పెట్టాడట. దసరా వెళ్లాక వాళ్లమ్మ కోరుకొండ మెట్లెక్కించింది. సగం మెట్లకే ఆయాసం వచ్చి కూలబడ్డానని నాకు ఫోన్ చేసి చెప్పింది, ఊపిరితిత్తుల డాక్టరమ్మాయి.

ఇక పల్లెలో ఆవిణ్ణి తెచ్చి ఆసుపత్రిలో కూర్చోబెట్టడం ఉంది చూడండి, అది నా పని. రెండు మంగళవారాలు వేరేవాళ్లని తీసుకొచ్చి, తన సంగతి ఎత్తగానే "బస్సుకి టైమైందండి" అని పారిపోయింది. మూడో మంగళవారం "పేషెంటు తాలూకు ఎవరండీ!" అన్న కేక వినపడగానే, రికార్డు రూముకి తాళం వేసి కిందికి దిగి, ఆవిడ రెక్క పట్టుకున్నాను. మెడ పట్టి లోపలి కుర్చీలో కూర్చోబెట్టినంత పని చేశాను. అలవాటుగా లేచి కుర్చీ వెనక నిలబడింది. మళ్లీ కూర్చోబెట్టాను. స్కానింగు అయింది. మా పిల్ల విన్నదే నిజమైంది.

ఫైలు నేనే రాశాను. కౌంటరు వాళ్లని రాయనివ్వలేదు. జబ్బు పేరు దగ్గర పెద్ద డాక్టరు గారు ఎప్పటిలాగే గీత గీయబోతే, "అయ్యగారూ, ఒక్కో అక్షరం చెప్పండి, నేను రాసుకుంటాను" అన్నాను. ఆయన ఉలిక్కిపడి, బుద్ధిగా చెప్పారు. ఒక వరస నిండా పట్టింది ఆ పేరు. కంప్యూటరు జాబితాలో అది ఉంది. పదేళ్లూ అక్కడే ఉంది.

"ఫోన్ నంబరు చెప్పమ్మా."

ఆవిడ గడగడా చెప్పేసింది. నేను కలం ఆపాను. "అది నీదే కదా. నీకు బాగాలేదని మేం ఫోన్ చేస్తే ఎత్తేదెవరు?"

"నేనేనండి. ఇంకెవరెత్తుతారు?" అంది. అని, కాసేపు కోడిని తలుచుకుందో ఏమో, తల దించుకుంది. ఎప్పుడూ ఖంగుమనే మనిషి మొదటిసారి మెల్లగా, "నాకు తాలూకు ఎవరూ లేరండి" అంది.

ఆ గడిలో నేను రాయాల్సింది రాశాను.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో వారంలో, రోగులెలా ఉన్నారో కనుక్కోవడానికి నా సెల్‌ఫోన్ మోగుతుంది. ఆవిడకి మందు పడుతోంది. జబ్బు వెనక్కి పోదట, ఉన్నచోట నిలబెట్టగలిగితే గొప్పట. నేను ముందురోజే పల్లెకి ఫోన్ చేసి, మందు వేసుకున్నావా లేదా అని నాలుగు తిట్టి ఉంచుతాను. పొగలో కూర్చుని చేపలు కాల్చానని ఒకసారి నోరుజారింది. ఆ రోజు నేను పెట్టిన కేకలకి కింద వరండాలో నర్సులు నోళ్లు మూసుకున్నారట.

మొన్న కూడా ఫోన్ వచ్చింది. మా పిల్లే. నంబరు చూసే చేసిందో, వరసలో చేసుకుంటూ పోతోందో మరి, గొంతు ఆఫీసు గొంతులా పెట్టింది. "పేషెంటు తాలూకు ఎవరండీ?"

ముందు రోజు ఆవిడ గొంతులో మాటకీ మాటకీ మధ్య ఎంత ఎడం వచ్చిందో నేను విన్నాను. పోయిన నెలకంటే కొంచెం ఎక్కువే. అది కూడా చెప్పాలి, చెబుతాను. కానీ ముందు గొంతు సవరించుకున్నాను.

"ఆయ్, నేనేనండి" అన్నాను. "బాగానే ఉందండి."